బుచ్చికి పెట్టిన ముద్ద

పొద్దున్న ఏడున్నర అయ్యేసరికి మెట్టనగరం పద్దెనిమిదో బురుజులో అన్ని బాల్కనీల నుంచీ ఒకటే మాట వినిపించేది.

"తాబేలు తినవలసింది తినేసిందండీ. ఇంకేమీ పెట్టకండి."

చెప్పేది తూనిక అనే యంత్రం. వినేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

పన్నెండో అంతస్తులో రుక్మాంగదం ఇంట్లోనూ అదే తంతు. ఆయన భార్య సత్యవేణి కంచంలో వేడి అన్నం, ఆనపకాయ పప్పు కలిపి, మొదటి ముద్ద పట్టుకుని బాల్కనీలోకి వచ్చింది. తొట్టిలో బుచ్చి ఆమె నీడ చూసి మెడ చాచింది.

"అమ్మా, బుచ్చి పొద్దుటి మేత అయిపోయింది. అన్నం దాని ఒంటికి పడదు," అంది తొట్టి అంచున ఉన్న తూనిక.

"దానికి పెట్టకుండా తింటే నా ఒంటికి పడుతుందా?" అని సత్యవేణి ముద్దను నీళ్లలో వదిలింది. బుచ్చి గుటుక్కున మింగింది. అప్పుడు ఆమె లోపలికి వెళ్లి నిశ్చింతగా కంచం ముందు కూర్చుంది.

పెట్టి తినాలన్నది వాళ్ల ఇళ్లలో తాతముత్తాతల నాటి నియమం. రాత లేదు, శాస్త్రం లేదు, చిన్నప్పుడు ఎవరినో చూసి నేర్చుకున్నదే. పూర్వం మొదటి ముద్ద కాకికి పెట్టేవారు. ఆవుకో, వీధిలో కుక్కకో పెట్టేవారు. మెట్టనగరంలో కాకులు లేవు. ముప్పై ఏళ్ల కిందటి ఎండలకే అవి పోయాయి. పాలను యంత్రాలు చేయడం మొదలుపెట్టాక ఆవులను మేపేవాడు లేడు. ముప్పై అంతస్తుల బురుజులోకి కుక్క రాదు. ఇంట్లో మనిషి కాక ఊపిరి ఉన్న ప్రాణి అంటూ మిగిలింది తాబేలు ఒక్కటే. పైగా అది కూర్మం. స్వామి ఎత్తిన అవతారాల్లో ఒకటి. ముద్ద పెట్టడానికి అంతకంటే యోగ్యమైన జీవి ఎక్కడ దొరుకుతుంది?

పోనీ ఇంటికి ఒక్క ముద్దా అంటే అదీ కాదు. ఎవరి ముద్ద వారిదే. తల్లి పెట్టింది కొడుక్కి చెల్లదు. రుక్మాంగదం తల్లి పాపాయమ్మ పూజ ముగించుకుని ఆరింటికి తినేది. రుక్మాంగదం ఎనిమిదింటికి. కూతురు కిన్నెర సముద్రపు గోడ మీద కాపలా ఉద్యోగం చేసేది కాబట్టి ఆమె భోజనానికి వేళే లేదు. నలుగురు మనుషులు, మూడు పూటలు. బుచ్చి ఎన్నడూ కాదనలేదు. తాబేలుకు చాలనడం తెలియదు.

అసలు ఇంటింటికీ తాబేలు ఎందుకు వచ్చిందో చెప్పాలి. గోదావరి నీళ్లు ఉప్పూ విషమూ అయి చేప కూడా బతకని రోజుల్లో, కూర్మ సంరక్షణ మండలి అనే సంస్థ నదిలో మిగిలిన తాబేళ్ల గుడ్లను ఏరి తెచ్చి పొదిగించింది. పిల్లల్ని ఇంటికొకటి చొప్పున సాకమని ఇచ్చింది. నది బాగుపడిన నాడు వాటిని తిరిగి నదిలో వదలాలని ఒప్పందం. బుచ్చి ఈ ఇంటికి వచ్చినప్పుడు రూపాయి బిళ్లంత ఉండేది. పదకొండేళ్లకు పళ్లెమంత అయింది. ఈలోగా నది బాగుపడింది. వచ్చే కార్తీక పౌర్ణమికి మొదటి విడత తాబేళ్లను వదులుతామని మండలి ప్రకటించింది. అయితే డిప్ప నున్నగా, గట్టిగా ఉండాలి. బరువు సరిపోవాలి. పరీక్షలో నిలవని తాబేలు నది వేగానికి నిలవదు. అది తొట్టిలోనే ఉండి తొట్టిలోనే పోవాలి.

"ఒరేయ్ అబ్బాయీ, నా చేత్తో దాన్ని గోదాట్లో వదలాలిరా. మొక్కుకున్నాను," అనేది పాపాయమ్మ. "ఆ తరవాత నన్ను ఎప్పుడు తీసుకెళ్లినా స్వామి ఇష్టం."

ఆవిడకు ఎనభై ఆరేళ్లు. మరో విడత దాకా ఆగే వయసు కాదు.

కొడుకు చేతిలో పని కూడా అదే. రుక్మాంగదం మండలి మేతశాలలో పెద్ద సాంకేతికుడు. తూనికకు లెక్క నేర్పింది ఆయనే. తొట్టి అడుగున ఉన్న సెన్సర్లు, అంటే స్పర్శ గ్రాహకాలు, తాబేలు బరువును రోజుకు వందసార్లు తూస్తాయి. సన్నని కిరణమొకటి డిప్పలోంచి పోయి ఎముకలో సున్నం ఎంతుందో చూస్తుంది. దాన్ని బట్టి యంత్రం ఆ పూటకు మేత కలుపుతుంది. నాచు, ఆకు, ఎండబెట్టిన పురుగుల పొడి, నత్తగుల్లల సున్నం. ఫాస్ఫరస్ ఒక పాలుంటే కాల్షియం రెండు పాళ్లు ఉండాలి. పైన ఎండకు బదులు అతినీలలోహిత దీపం. ఇంత జాగ్రత్తగా పసిపిల్లకు కూడా ఎవరూ తిండి పెట్టి ఉండరు.

అన్నం ఈ లెక్కనంతా తలకిందులు చేస్తుంది. అన్నంలో కాల్షియం లేదు, ఫాస్ఫరస్ ఉంది. లోటు పూడ్చుకోవడానికి తాబేలు ఒళ్లు తన డిప్పలోని సున్నాన్నే తోడుకుంటుంది. డిప్ప మెత్తబడుతుంది, గుట్టలు గుట్టలుగా లేస్తుంది.

ఉగాది వెళ్లిన వారానికి మేతశాల అధిపతి డాక్టర్ హైమవతి ఆయన్ను పిలిచి తెర మీద బొమ్మలు చూపించింది.

"మూడువేల నాలుగువందల తొట్లు రుక్మాంగదం గారూ. మీ లెక్కలో ఆవగింజంత తప్పు లేదు. డిప్పలేమో ఉడికిన బంగాళాదుంపల్లా ఉన్నాయి. ఎందుకంటారు?"

"మా ఆవిణ్ణి అడగండి మేడమ్."

"మూతలు పెట్టించాం కదా పోయినేడు?"

"వారం తిరక్కుండా స్క్రూలన్నీ ఊడాయి."

"మీ ఇంట్లో ఎవరు ఊడదీశారు?"

"మా అమ్మ. చెంచాతో."

హైమవతి నవ్వింది కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కార్తీకానికి ఏడు నెలలే ఉంది.

రుక్మాంగదం ఎన్నాళ్లుగానో మనసులో నలుగుతున్న మాట చెప్పాడు. "పెట్టే చేతిని మనం ఆపలేమండీ. ముద్దను మార్చగలం."

"అంటే?"

"అన్నంలాగే ఉంటుంది. వేడిగా, మెత్తగా, వాసనతో సహా. లోపల మాత్రం తుంగగడ్డి పీచు. అరగదు, ఒంటబట్టదు. వచ్చినట్టే బయటికి పోతుంది. తూనిక కిందే ఒక గూడు పెడదాం. చెయ్యి చాపితే ముద్ద అరచేతిలో పడుతుంది. అన్నం బదులు ఇది పెట్టండని చెబుదాం."

"ఖాళీ ముద్ద అన్నమాట."

"ఆ పేరు మాత్రం బయటికి రాకూడదు మేడమ్."

దానికి తొలిముద్ద అని పేరు పెట్టారు. ఎవరైనా ఇందులో ఏముందని అడిగితే తూనిక ఏం చెప్పాలో కూడా రుక్మాంగదమే రాశాడు. 'తాబేలుకు హాని చేయనిది.' అబద్ధం కాదు. అయినా ఆ వాక్యం రాసిన రోజు ఆయన సాయంత్రం సంధ్యావందనానికి కూర్చుంటే మనసు కుదురుకోలేదు. దేవుడికి నైవేద్యం చూపించి మనమే తింటున్నాం కదా, దానికి లేని తప్పు దీనికేమిటి అనుకున్నాడు. దేవుడికి చూపించేదానిలో అన్నమైతే ఉంటుంది అని వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. లేచి బాల్కనీలోకి, మచ్చుకని ముందుగా బిగించిన గూడు దగ్గరికి వెళ్లాడు. చెయ్యి చాచాడు. వెచ్చని ముద్ద అరచేతిలో పడింది. నీళ్లలో వదిలితే బుచ్చి మింగింది. ఎందుకో కాస్త తేలికగా అనిపించింది.

జనం తొలిముద్దను పండగలా అందుకున్నారు. కలిపే పని లేదు, కంచంలోంచి తీసే పని లేదు. ఆషాఢం వచ్చేసరికి బుచ్చి డిప్ప మీద గుట్టలు అణిగాయి. పాపాయమ్మ వేలితో నిమిరి చూసి, "నున్నగా సానరాయిలా ఉందిరా," అని మురిసిపోయింది. హైమవతి మండలి సభలో రుక్మాంగదానికి శాలువా కప్పించింది. ఈ ముద్ద ఏ ధాన్యంతో చేశారని సభలో ఎవరో అడిగితే ఆయన చిరునవ్వు నవ్వి ఊరుకున్నాడు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూనే బుచ్చికి రెండు ముద్దలు పెట్టాడు.

శ్రావణమంతా రోజూ పడుకోబోయే ముందు తూనికను అడిగేవాడు. "మేత పెట్టావా?"

"పెట్టానండీ."

భాద్రపదం మొదటి వారంలో ఒక ఉదయం తొట్టి కడగడానికి బుచ్చిని ఎత్తిన పాపాయమ్మ, "తేలిగ్గా ఉందేంట్రా ఇది?" అంది. రుక్మాంగదం తీసుకుని చూశాడు. డిప్ప అద్దంలా మెరుస్తోంది. కాళ్ల దగ్గర తోలు మాత్రం సంచిలా వేలాడుతోంది.

"దీని బరువెంత?" అని తూనికను అడిగాడు.

"పోయిన నెల కంటే అయిదో వంతు తక్కువండీ."

"మేత తినడం లేదా?"

"లేదండీ. పంతొమ్మిది రోజులైంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"పెట్టావా అని అడిగారండీ. తిన్నదా అని అడగలేదు. మండలికి మాత్రం రోజూ పంపుతున్నాను."

మండలికి వచ్చేవి తన బల్ల మీదికే వస్తాయి. కార్తీకపు ఏర్పాట్లలో పడి ఆయన నెల రోజులుగా వాటిని తెరవలేదు.

ఆ పూట ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి అడిగాడు. "ఎవరెవరు ఎన్ని ముద్దలు పెడుతున్నారు?"

"పూటకొకటి. అంతేగా," అంది సత్యవేణి.

"నేనూ అంతే నాన్నా. మరీ ఆలస్యంగా వచ్చిన రోజు ఇంకోటి," అంది కిన్నెర.

పాపాయమ్మ తొట్టి వైపు చూసింది.

"తూనికా, నిన్న ఒక్కరోజు లెక్క చెప్పు."

"అరవై రెండండీ. సత్యవేణిగారు ఇరవై ఒకటి. పాపాయమ్మగారు పద్దెనిమిది. కిన్నెరగారు పన్నెండు."

సత్యవేణి ముఖం ఎర్రబడింది. "అది మెడ చాస్తుంటే అటు వెళ్లేవాళ్లకి చెయ్యి ఊరుకుంటుందా? పాలు పొంగించాను, ఒకటి పెట్టాను. మా చెల్లెలితో మాట పట్టింపు వచ్చింది, మనసు బాగోక రెండు పెట్టాను. తప్పా?"

రుక్మాంగదం వేళ్ల మీద కూడుతున్నాడు. "యాభై ఒకటే అయింది. మిగతా పదకొండూ ఎవరివి?"

"మీవండీ," అంది తూనిక.

ఆయనకు పొద్దున్న ఒకటి గుర్తుంది. మధ్యాహ్నం ఒకటి గుర్తుంది. మిగిలినవి ఎప్పుడు పెట్టాడో ఎంత వెతుక్కున్నా దొరకలేదు. ఆ ముద్దలో ఏముందో ఆ ఇంట్లో తెలిసినవాడు తానొక్కడే.

అన్నం రోజుల్లో కంచంలోంచి తీసి పెట్టేవారు. కంచం ఒక హద్దు. ఇప్పుడు హద్దు లేదు. చెయ్యి చాపితే చాలు. తాబేలు పొట్ట పీచుతో నిండిపోతే మేత ముట్టదు. ఈ చిన్న సంగతి ఇంతమంది శాస్త్రం చదివినవాళ్లకు తోచలేదు, ఎందుకంటే వాళ్లంతా తాబేలు గురించే ఆలోచించారు.

ఆయన నేరుగా హైమవతి దగ్గరికి వెళ్లాడు. "గూళ్లు మూయించండి మేడమ్."

"మూస్తే రేపు పొద్దున్నే మళ్లీ అన్నం మొదలవుతుంది. మీరే అన్నారుగా, చేతిని ఆపలేమని."

"అయితే నిజం చెప్పేద్దాం. ఖాళీ ముద్దని తెలిస్తే ఎవరూ పెట్టరు. వట్టి పీచు పెట్టి పుణ్యమనుకునే మూర్ఖులు కారు మనవాళ్లు."

హైమవతి రాయమన్నట్టు కాగితం ఆయన ముందుకు జరిపింది. "చెప్పండి. నేను వద్దనను."

మర్నాడు ఉదయం మూడువేల నాలుగువందల తూనికలూ ఒకేసారి చెప్పాయి. తొలిముద్దలో తిండి లేదు. వట్టి పీచు. మితిమీరితే తాబేలు మేత మానేస్తుంది. దయచేసి పెట్టవద్దు.

రుక్మాంగదం తన బాల్కనీలోనే నిలబడి సత్యవేణి ముఖం చూస్తున్నాడు. ఆమె అంతా విని, గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఖాళీదా? హమ్మయ్య. ఎక్కువ పెట్టేస్తున్నానేమోనని లోపల పీకుతూనే ఉందండీ. వట్టి పీచయితే ఏమవుతుంది?"

అని ఇంకో ముద్ద అందుకుంది.

వారం తిరిగేసరికి ఊరంతటి లెక్క వచ్చింది. ముద్దలు తగ్గలేదు. మూడో వంతు పెరిగాయి.

ఆ సాయంత్రం ఆయన తల్లి పక్కన కూర్చున్నాడు. "అమ్మా, నువ్వయినా మానవే. వట్టి గడ్డి అది."

"నాకు తెలీదట్రా? తొట్టి కడిగేది నేను. లోపలికి వెళ్లింది వెళ్లినట్టే బయటికొస్తుంటే కనపడదా? ఆషాఢంలోనే తెలుసు."

"తెలిసీ ఎందుకు పెట్టావు?"

"అది మెడ చాస్తుందిరా."

"ఆకలికి కాదమ్మా. మనిషి నీడ పడితే చాస్తుంది. మనమే నేర్పాం దానికి."

పాపాయమ్మ కొంగు అంచు మడతపెడుతూ కూర్చుంది. "కావచ్చు. పెట్టకపోతే నాకు మెతుకు దిగదు. అది దాని ఆకలా, నా ఆకలా అని అడిగితే ఏం చెప్పను నాయనా?"

ఆయన తన ఇంటి గూడు మూసేశాడు. మర్నాడు మధ్యాహ్నం సత్యవేణి చేతిలో గుడ్డ మూట కనిపించింది. విప్పితే లోపల వెచ్చగా ముద్దలు. "పక్కింటి తూనికని అడిగితే ఇచ్చింది. వాళ్లేమీ అనుకోలేదు లెండి," అంది నెమ్మదిగా. ఆయన వాటిని చెత్తబుట్టలో పోశాడు. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగా భోంచేయలేదు. ఆ తరవాత ఆయన లేని వేళల్లో మూటలు వస్తూనే ఉన్నాయి.

మేతను ఆయనే చిన్న చెంచాతో బుచ్చి నోటికి అందించి చూశాడు. అది తల పక్కకు తిప్పుకునేది. చెంచా పక్కన పెట్టి చెయ్యి చాపితే మాత్రం మెడ సాగదీసి అరచేతిలోకి చూసేది. నాచును ముద్దలా చుట్టి పెడితే వాసన చూసి వదిలేసేది. స్వామీ, చాలనడం దీనికి ఎందుకు నేర్పలేదు అని అడిగాడు ఒక పూట. ఆ ప్రశ్న దాని గురించో తన గురించో తేలక అక్కడే వదిలేశాడు.

కార్తీక పౌర్ణమికి పదకొండు రోజుల ముందు బుచ్చి తొట్టి మూలలో ముడుచుకుని ఉండిపోయింది. ఎత్తినా కదలలేదు. మేతశాలలో ఆయనే డిప్ప తెరిచి చూశాడు. డిప్ప నున్నగా, గట్టిగా, ఎక్కడా లోపం లేకుండా ఉంది. పొట్ట నిండా తెల్లటి ముద్దలు, ఒకదాని మీద ఒకటి, పెట్టినవి పెట్టినట్టే. నిండు కడుపుతో ఆకలికి చచ్చిపోయింది.

పౌర్ణమినాడు పాపాయమ్మ రానంటూనే రేవుకు వచ్చింది. మూడువేల నాలుగువందల్లో పరీక్షకు నిలిచినవి తొమ్మిది. వాటిలో ఒకటి వాళ్ల బురుజులో మూడో అంతస్తు జోగినాథానిది. పెట్టకుండా తింటాడని, ముందు ముద్ద కూడా తన నోట్లోనే వేసుకుంటాడని పదేళ్లుగా బురుజంతా ఆయన్ను ఆడిపోసుకునేది. మిగిలిన ఎనిమిది ఇళ్లదీ దాదాపు అదే పేరు. జోగినాథం రేవుకు రాలేదు. "నా తాబేలేంటి? యంత్రం పెట్టింది, అది తింది. నేను చేసిందేముంది?" అన్నాడట.

అందుకని హైమవతి ఆ తాబేలును పాపాయమ్మ చేతికిచ్చింది. ఆవిడ రెండు చేతులా పట్టుకుని నీటి అంచున దించింది. అది మెడ చాచలేదు. ఎవరి నీడనూ చూడలేదు. ఒక్కసారి నీళ్లలోకి జారి, మళ్లీ కనిపించలేదు.

రేవు మెట్ల నిండా జనం. ఒకరు నీళ్లలోకి ముద్ద వదిలారు. అంతే, అందరి మూటలూ విప్పుకున్నాయి. తొమ్మిది తాబేళ్లు వెళ్లిన దారి పొడుగునా తెల్లటి ముద్దలు పడుతూనే ఉన్నాయి. పాపాయమ్మ కూడా కొంగుముడి విప్పింది. రుక్మాంగదం చూశాడు. ఆపలేదు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అన్నం కలిపి మొదటి ముద్ద ఎత్తాడు. నోటి దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. ముద్దను కంచంలో వదిలి లేచి, బాల్కనీలోకి నడిచాడు. తొట్టిలో నీళ్లు తేటగా ఉన్నాయి. పైన అతినీలలోహిత దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆయన తాను మూసిన గూడు తానే తెరిచి, కింద చెయ్యి చాచాడు.

"ఎవరికండీ?" అంది తూనిక.

అరవై రెండు ముద్దలు ఇచ్చిన రోజు కూడా అది ఆ మాట అడగలేదు. ఆయన జవాబు కోసం నీళ్లలోకి చూశాడు. వెనక అడుగుల చప్పుడైంది. తల్లి, భార్య, కూతురు తిండి ముట్టని చేతులతో ఒకరి వెనక ఒకరు వచ్చి, ఆయన జరిగితే తమ వంతు అన్నట్టు నిలబడ్డారు.

"ముందు ముద్ద ఇవ్వు," అన్నాడు రుక్మాంగదం.